పెళ్లి ఫొటోల్లో, వీడియోల్లో నల్ల గీతలు: ఎల్ఈడీ వెలుగుకూ షటర్‌కూ కుదరని లెక్క

క్లుప్తంగా: ఫంక్షన్ హాళ్లలో తీసిన ఫొటోలు, వీడియోల మీద అడ్డంగా నల్లని, గులాబీ, ఆకుపచ్చ గీతలు పడుతున్నాయంటే కెమెరా పాడైనట్టు కాదు. ఎల్ఈడీ లైట్లు సెకనుకు వందల, వేల సార్లు ఆరి వెలుగుతుంటాయి. సెన్సర్ బొమ్మను వరుస తర్వాత వరుసగా చదువుతుంది. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే గీతలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీడియోకు 1/50 లేదా 1/100 షటర్ స్పీడ్, ఫొటోలకు మెకానికల్ షటర్ (సెన్సర్ ముందు తెర కదిలే రకం) వాడితే, ముహూర్తానికి ముందే లైట్లను పరీక్షిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. ఖరీదైన కెమెరా బాడీ కొన్నంత మాత్రాన ఈ సమస్య దానంతట అది పోదు.

ఇప్పుడే ఎందుకు ఎక్కువైంది?

పదేళ్ల కిందటి వరకు పెళ్లి మండపానికి హాలోజన్ లైట్లే దిక్కు. కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది, ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు సున్నాకు చేరుతుంది. అంటే దాని మీద వెలిగే ఏ దీపమైనా సెకనుకు 100 సార్లు ఎగిసి తగ్గాలి. కానీ హాలోజన్‌లో వెలుగిచ్చేది కాగిన ఫిలమెంటు. అది సెకనులో వందో వంతులో చల్లారిపోదు కాబట్టి వెలుగు పెద్దగా ఊగదు. ఎల్ఈడీకి ఆ వేడి నిల్వ లేదు. కరెంటు ఆగిన మరుక్షణమే వెలుగు ఆగిపోతుంది. డ్రైవర్ సర్క్యూట్ మంచిదైతే ఆ ఎగుడుదిగుడులను సాపు చేస్తుంది. చవక బల్బుల్లో అందుకు కావాల్సిన కెపాసిటర్ చిన్నదిగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

ఇది ఒక మార్పు. రెండో మార్పు కెమెరా వైపు జరిగింది. డీఎస్ఎల్ఆర్‌లలో మెకానికల్ షటర్ తప్ప వేరే దారి దాదాపు లేదు. మిర్రర్‌లెస్ బాడీల్లో సైలెంట్ షటర్, అంటే తెర కదలని ఎలక్ట్రానిక్ షటర్ వచ్చింది. మంత్రాల మధ్య టకటక చప్పుడు లేకుండా తీయవచ్చు, షటర్ యూనిట్ అరిగిపోదు, సెకనుకు ఎక్కువ ఫ్రేములు వస్తాయి. ఈ సౌకర్యాలు చూసి చాలామంది కెమెరాను రోజంతా ఎలక్ట్రానిక్ షటర్‌లోనే ఉంచేస్తున్నారు. హాల్లో లైట్లు ఎల్ఈడీకి, కెమెరా ఎలక్ట్రానిక్ షటర్‌కు దాదాపు ఒకే కాలంలో మారాయి. గీతల ఫిర్యాదులు పెరగడానికి కారణం ఈ రెండూ కలవడమే.

హాల్లోని లైట్లన్నీ ఒకేలా ఆరి వెలగవు

ఒకే మండపం మీద నాలుగైదు రకాల వెలుగు పడుతుంది. వాటి గుణం తెలియకుండా షటర్ స్పీడ్ ఎంచుకోవడం కష్టం.

కాపర్ చోక్‌తో నడిచే పాత ట్యూబ్ లైటు సెకనుకు 100 సార్లు ఊగుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్ లైటు పదుల వేల సార్లు ఊగుతుంది, దానితో కెమెరాకు ఇబ్బంది రాదు. సీలింగ్‌లో బిగించిన చవక ఎల్ఈడీలది మళ్లీ 100 లెక్కే. వాటిని గోడ డిమ్మర్‌తో తగ్గిస్తే ఊపు ఇంకా తీవ్రమవుతుంది. డిమ్మర్ ప్రతి అర్ధ ఆవృత్తిలో కొంత భాగాన్ని కోసేస్తుంది, ఆ మేరకు చీకటి విరామం పెరుగుతుంది.

సీరియల్ లైట్లు చిత్రమైనవి. చవక సెట్లలో ఎల్ఈడీలను వరుసగా కలిపి నేరుగా మెయిన్స్‌కు తగిలిస్తారు. ఎల్ఈడీ కూడా డయోడే కాబట్టి కరెంటు ఒక దిశలో వచ్చినప్పుడే వెలుగుతుంది. అంటే సెకనుకు వంద కాదు, 50 సార్లే. 1/100 పెట్టినా బ్యాక్‌డ్రాప్‌లోని సీరియల్ లైట్లు ఒక ఫ్రేములో వెలిగి మరో ఫ్రేములో సగం ఆరినట్టు కనిపిస్తాయి. వాటికి 1/50 ఒక్కటే కుదురుతుంది.

స్టేజి ముందు నిలబెట్టే పార్ లైట్లది వేరే తీరు. వాటిలో వెలుగును తగ్గించడమంటే కరెంటు తగ్గించడం కాదు, అతి వేగంగా ఆర్పి వెలిగించడం. సగం వెలుగు కావాలంటే సగం సమయం ఆరి ఉంటాయి. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఫిక్చర్‌ను బట్టి ఈ వేగం సెకనుకు కొన్ని వందల నుంచి పాతిక వేల సార్ల దాకా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలను కలిపి వెచ్చని పసుపు రంగు తెప్పించినప్పుడు మూడు రంగులూ మూడు వేర్వేరు నిష్పత్తుల్లో ఆరి వెలుగుతాయి. అందుకే ఈ లైట్ల కింద పడే గీతలు నల్లగా ఉండవు. పెళ్లికూతురి పట్టుచీర మీద, నుదుటి మీద గులాబీ, ఆకుపచ్చ చారలుగా పడతాయి. చర్మం రంగు మీద పడ్డ ఈ చారలు ఎడిటింగ్‌లో సరిచేయడానికి అన్నిటికంటే కష్టమైనవి.

సెన్సర్ వైపు లెక్క

ఎలక్ట్రానిక్ షటర్‌లో సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. జిరాక్స్ మెషీన్‌లో వెలుగు గీత కాగితం ఒక కొస నుంచి రెండో కొసకు జరిగినట్టే ఇదీ. ఆ జరిగే సమయంలో గదిలో లైటు ఎన్నిసార్లు ఆరి వెలిగితే బొమ్మ మీద అన్ని చారలు పడతాయి. షటర్ స్పీడ్ 1/1000 పెట్టినంత మాత్రాన సెన్సర్ మొత్తాన్ని సెకనులో వెయ్యో వంతులో చదివేసిందని కాదు. ప్రతి వరుసా అంత సేపే వెలుగు పడుతుంది గానీ మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య ఎడం అలాగే ఉంటుంది.

అంకెల్లో చూస్తే తేడా బోధపడుతుంది. సోనీ ఏ7 ఫోర్‌లో ఫొటోలకు పూర్తి సెన్సర్‌ను చదవడానికి సుమారు 1/15 సెకను, అంటే 67 మిల్లీసెకన్లు పడుతుంది. 100 సార్లు ఊగే లైటు కింద సైలెంట్ షటర్‌తో తీస్తే ఆరేడు చారలు. 2024లో వచ్చిన నికాన్ జెడ్6 త్రీలో పాక్షికంగా స్టాక్ చేసిన (వేగంగా చదివేలా సర్క్యూట్‌ను పొరలుగా పేర్చిన) సెన్సర్ ఉంది, చదవడానికి సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. చారలు ఒకటిన్నరకు తగ్గుతాయి. మెకానికల్ షటరే లేని నికాన్ జెడ్8, జెడ్9లలో సుమారు 4 మిల్లీసెకన్లు. అక్కడ పూర్తి చార పడదు, ఫొటోలో పైభాగం వెలుగుగా, కిందిభాగం కొంచెం మసకగా ఉంటుంది.

మెకానికల్ షటర్ తెర కూడా సెన్సర్ మీదుగా జరగడానికి 4 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో సాధారణ బాడీలోని మెకానికల్ షటర్, ఎంతో ఖరీదైన స్టాక్డ్ సెన్సర్ దాదాపు సమానం. ఏ7 ఫోర్ వాడుతున్నవారు హాల్లోకి వచ్చాక సైలెంట్ మోడ్ తీసేస్తే చాలు, చారల పరంగా జెడ్8 స్థాయికి పైసా ఖర్చు లేకుండా చేరినట్టే. ఈ సమస్యకే భయపడి బాడీ మార్చాలనుకునేవారు ముందు చూడాల్సిన పోలిక ఇది.

అదే కెమెరాను సెకనుకు 1000 సార్లు కొట్టుకునే పార్ లైట్ల ముందు పెడితే లెక్క మారుతుంది. సైలెంట్ షటర్‌తో 67 మిల్లీసెకన్లలో 67 సన్నని చారలు, మెకానికల్‌తో 4 మిల్లీసెకన్లలో నాలుగు వెడల్పాటి చారలు. అందుకే వేగంగా కొట్టుకునే లైట్ల కింద హై షటర్ స్పీడ్ పెడితే మెకానికల్ షటర్‌తోనూ గీతలు కనిపిస్తాయి. మెకానికల్‌లోనే తీశాం కదా, ఇవెక్కడివి అన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

గ్లోబల్ షటర్ ఉంటే?

సోనీ 2023 నవంబరులో ప్రకటించిన ఏ9 త్రీలో సెన్సర్ అన్ని వరుసలూ ఒకేసారి వెలుగు పట్టి ఒకేసారి ఆపేస్తాయి. ఫ్రేము లోపల చారలు పడే అవకాశమే లేదు. అయితే లైటు ఆరిన క్షణంలో తీస్తే ఫ్రేము మొత్తం చీకటిగా, వెలిగిన క్షణంలో తీస్తే మొత్తం వెలుగుగా వస్తుంది. వరుసగా పది ఫ్రేములు కొడితే పదీ పది రకాల ఎక్స్‌పోజర్‌తో ఉంటాయి. గ్లోబల్ షటర్ తీసేసేది చారలను మాత్రమే, ఫ్లికర్‌ను (వెలుగు ఊగిసలాటను) కాదు. ఆ కెమెరా అసలు బలం వేరేచోట ఉంది. ఏ షటర్ స్పీడ్‌లోనైనా ఫ్లాష్ సింక్ అవుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆరుబయట తీసేవారికి అది విలువైనది. దాని కనీస ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 250 అన్న సంగతి కూడా కొనేవారు లెక్కలోకి తీసుకోవాలి.

వీడియో: ఫ్రేము రేటు కంటే షటర్ ముఖ్యం

వీడియోలో మెకానికల్ షటర్ ఉండదు, గ్లోబల్ షటర్ బాడీల్లో తప్ప సెన్సర్ ఎప్పుడూ వరుసవారీగానే చదువుతుంది. మిగిలిన ఆయుధం ఒక్కటే: ఒక్కో వరుస వెలుగు పట్టే సమయంలో లైటు పూర్ణసంఖ్య సార్లు ఆరి వెలిగేలా చూడడం. 1/50లో సరిగ్గా రెండు ఊపులు, 1/100లో సరిగ్గా ఒకటి. ఏ వరుస ఎప్పుడు మొదలుపెట్టినా అందే వెలుగు సమానమే కాబట్టి చారలు చెరిగిపోతాయి.

దీన్నుంచి తేలేది ఒకటుంది: ఫ్రేము రేటు 24 అయినా, 25 అయినా, రీల్స్ కోసం 30 అయినా షటర్ 1/50లో ఉంటే ఫ్లికర్ రాదు. 30 ఫ్రేములకు రెట్టింపు 1/60 పెట్టాలన్న సూత్రం అమెరికా నుంచి వచ్చిన వీడియో పాఠాల్లో వినిపిస్తుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, 1/60 సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ అదే పెడితే ఒక్కో ఫ్రేములో ఒకటీ మూడింట రెండు వంతుల ఊపులే పడి గీతలు పైకో కిందికో పాకుతుంటాయి. సినిమా కెమెరాల్లో షటర్‌ను కోణంలో చెబుతారు. 24 ఫ్రేములకు 180 డిగ్రీలంటే 1/48. మన దేశంలో దాన్ని 172.8 డిగ్రీలకు మార్చుకుంటారు, అప్పుడు సరిగ్గా 1/50 అవుతుంది.

స్లో మోషన్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. 120 ఫ్రేముల్లో షటర్ ఎంత తగ్గించినా 1/120 కంటే దిగదు. ఒక ఊపు పూర్తి కావడానికి 1/100 కావాలి. ఆ కొరత వల్ల ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మారుతుంది, తేడా సెకనుకు 20 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఐదు రెట్లు నెమ్మదిస్తే సెకనుకు నాలుగు సార్లుగా మారుతుంది. షూటింగ్‌లో స్క్రీన్ మీద అంతగా తెలియనిది ఎడిటింగ్ టేబుల్ మీద మెరుపుల్లా బయటపడటానికి కారణం ఇదే. అదే 100 ఫ్రేములు, 1/100 షటర్ పెడితే ప్రతి ఫ్రేముకూ ఒక పూర్తి ఊపు అందుతుంది. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో నాలుగు రెట్లు నెమ్మది. రెండు రెట్లు చాలనుకుంటే 50 ఫ్రేములు, 1/100.

సోనీ కెమెరాల్లో 25, 50, 100 ఫ్రేములు కనిపించాలంటే మెనూలో పాల్ (50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతి), ఎన్టీఎస్‌సీ (60 హెర్ట్జ్ దేశాలది) ఎంపికను పాల్‌కు మార్చాలి. కానన్‌లో వీడియో సిస్టమ్, పానాసోనిక్‌లో సిస్టమ్ ఫ్రీక్వెన్సీ అన్న పేర్లతో ఇదే ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఈ మార్పు తర్వాత కార్డును మళ్లీ ఫార్మాట్ చేయమని అడుగుతుంది. కాబట్టి ఈ పని పెళ్లిరోజు పొద్దున కాదు, ముందురోజు రాత్రే ముగించాలి. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన బాడీలు అక్కడి అమరికతోనే వస్తాయి, మొదట చూడాల్సింది ఈ మెనూనే. ఇక్కడి నుంచి అమెరికాలో తెలుగువారి వేడుకలు చిత్రీకరించడానికి వెళ్లేవారు తిరగేసి మార్చుకోవాలి: 1/60, 1/120. గల్ఫ్‌లో యూఏఈ, ఖతార్, కువైట్ మనలాగే 50 హెర్ట్జ్. సౌదీ అరేబియా మాత్రం 60.

ఐఫోన్‌తో రీల్స్ తీసేవారికి కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లను చూపించే మీట ఉంటుంది. షటర్‌ను స్వయంగా బిగించాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 30 ఫ్రేములు, 1/50 పెట్టుకోవచ్చు.

ఆరుబయట మండపం వెనక ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే 1/50ని నిలబెట్టుకోవడానికి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు వెలుగును తగ్గించే నల్లని అద్దం) తప్పదు. లాగ్‌లో (ఎడిటింగ్‌లో రంగులు సరిదిద్దుకోవడానికి వీలుగా తీసే పద్ధతి) ఐఎస్ఓ 800 దగ్గర, నడి ఎండలో, ఎఫ్ 2.8 వాడాలంటే తొమ్మిది స్టాపులు కోయాలి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). ఎఫ్ 5.6కు తగ్గిస్తే ఏడు చాలు. చవక వేరియబుల్ ఎన్‌డీలు చివరి స్టాపుల్లో ఫ్రేము మీద గుణకారం గుర్తులా మచ్చ వేస్తాయి. ఎక్కువ స్టాపులు కావాల్సినప్పుడు స్థిర ఎన్‌డీ నమ్మకమైనది.

తలంబ్రాల ఫొటో: స్పీడ్ కావాలి, స్పీడ్ పెట్టకూడదు

మొత్తం పెళ్లిలో ఈ వైరుధ్యం ముదిరేది తలంబ్రాల దగ్గరే. గాలిలో గింజలు ఆగి కనిపించాలంటే 1/500, 1/1000 కావాలనిపిస్తుంది. ఆ స్పీడులో 100 సార్లు ఊగే లైటు కింద ఒక్కో వరుసకు ఊపులో ఐదో వంతో, పదో వంతో మాత్రమే అందుతుంది. ఒక ఫ్రేము వెలుగుగా, మరొకటి రెండు స్టాపులు చీకటిగా, ఇంకొకటి పైన పసుపు కింద నీలంగా వస్తాయి. పదిహేను ఫ్రేముల్లో మూడో నాలుగో బాగుంటాయి. వధువు నవ్విన ఫ్రేము వాటిలో ఉంటుందన్న హామీ లేదు.

ఇక్కడ గింజలను ఆపే పని షటర్‌కు కాక ఫ్లాష్‌కు అప్పగించడం మెరుగు. మెకానికల్ షటర్, 1/100, ఎఫ్ 4. గది వెలుగు అవసరమైనదానికంటే రెండు స్టాపులు తక్కువగా ఉండేలా ఐఎస్ఓ దించాలి. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పావు పవర్ చుట్టూ పెట్టి సీలింగ్‌కో, గొడుగుకో బౌన్స్ చేయాలి. పావు పవర్‌లో స్పీడ్‌లైట్ మెరుపు సుమారు సెకనులో వెయ్యో వంతులో ముగుస్తుంది. ఫొటోలో ఎక్కువ వెలుగు ఆ మెరుపుదే కాబట్టి గింజ గట్టిగా నిలుస్తుంది. గది వెలుగులో దాని తోక సన్నగా సాగుతుంది, అది చూడ్డానికి బాగానే ఉంటుంది. పైగా పావు పవర్‌లో ఫ్లాష్ త్వరగా రీచార్జ్ అవుతుంది, తలంబ్రాలు ఉధృతమైనప్పుడు వరుసగా కొట్టవచ్చు.

హై స్పీడ్ సింక్ ఈ సందర్భంలో ఉపయోగపడదు. ఆ మోడ్‌లో తెరల మధ్య సన్నని సందు సెన్సర్ మీద జరుగుతుంటే ఫ్లాష్ చిన్నచిన్న మెరుపులుగా ఆగకుండా వెలుగుతుంది. శక్తి బాగా పడిపోతుంది, గది లైట్ల ఫ్లికర్ ఎక్కడికీ పోదు.

ఎల్ఈడీ వాల్ అసలు పరీక్ష

మండపం వెనక ఎల్ఈడీ స్క్రీన్ పెట్టడం ఇప్పుడు చిన్న ఊళ్ల రిసెప్షన్లకూ పాకింది. లైట్లన్నిటిలోకి ఇదే మొండిది. స్క్రీన్‌లోని అన్ని వరుసలూ ఒకేసారి వెలగవు. 1/16 స్కాన్ ప్యానెల్ అంటే ఏ క్షణంలో చూసినా పదహారు వరుసల్లో ఒక్కటే వెలుగుతుంటుంది. ఈ తిరుగుడు ఎంత వేగమన్నది రిఫ్రెష్ రేటు చెబుతుంది. మార్కెట్లో మామూలుగా దొరికేవి 1920, 3840 హెర్ట్జ్, మేలైనవి 7680.

1920 ప్యానెల్ ముందు 1/50 పెడితే ఒక్కో సెన్సర్ వరుసకు 38 లేదా 39 తిరుగుళ్లు అందుతాయి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా తేడా రెండు మూడు శాతమే, కంటికి ఆనదు. 1/500కు వెళితే మూడో నాలుగో తిరుగుళ్లు, పావు వంతు తేడా వచ్చి చార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1/2000లో ఒక్క తిరుగుడు కూడా పూర్తికాదు, స్క్రీన్‌లో కొన్ని చోట్ల బొమ్మే ఉండదు. 3840 ప్యానెల్ అయితే 1/500 దగ్గర తేడా ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది. ఈ లెక్కలు స్థూలమైనవే. ప్యానెల్ డ్రైవర్ చిప్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి. అయినా షటర్‌ను 1/50 నుంచి 1/100 లోపు ఉంచాలన్న నిర్ణయానికి చాలు.

స్క్రీన్ వెలుగు తగ్గించమని ఆపరేటర్‌ను అడిగేటప్పుడు ఒక చిక్కుంది. వెలుగు తగ్గించడం కూడా చాలా ప్యానెళ్లలో ఆరి ఉండే సమయం పెంచడమే. 15 శాతానికి దించిన స్క్రీన్ కంటికి హాయిగా, కెమెరాకు గీతలుగా కనిపించవచ్చు. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ వీడియో వేయించి వెలుగును మధ్యస్థంగా ఉంచడం అంతకంటే మంచి దారి. నోవాస్టార్ వంటి కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్‌లో రిఫ్రెష్ రేటు ఎంచుకునే వీలుంటుంది. ప్యానెల్ 3840 భరించగలిగి కూడా 1920లో నడుస్తుంటే ఆపరేటర్ రెండు నిమిషాల్లో మార్చగలడు. అడగాలన్న సంగతి తెలియకపోవడమే ఇక్కడ అసలు లోటు.

గీతలతోపాటు స్క్రీన్ మీద వలలాంటి మొయిరే కూడా కనిపిస్తే అది వేరే జబ్బు. ప్యానెల్ చుక్కల అమరిక, సెన్సర్ పిక్సెళ్ల అమరిక ఒకదానిమీద ఒకటి పడటం వల్ల వస్తుంది. షటర్‌తో దానికి సంబంధం లేదు. జంట కుర్చీలను స్క్రీన్‌కు వీలైనంత ముందుకు జరిపించి, లెన్స్‌ను తెరిచి స్క్రీన్‌ను ఫోకస్ బయటికి నెట్టాలి. పీ2 ప్యానెల్ అంటే చుక్కల మధ్య 2 మిల్లీమీటర్లు, పీ4 అంటే 4. చుక్కలు ఎడమయ్యేకొద్దీ ఈ ఎడం ఎక్కువ కావాలి.

హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లోని ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజి వంటి చోట్లా వెనక ఉండేది ఎల్ఈడీ వాలే. కానీ ఇలాంటి స్టేజీల పద్ధతిలో కెమెరా, స్క్రీన్ ప్రాసెసర్ రెండూ ఒకే సింక్ సంకేతంతో నడుస్తాయి, కెమెరా వరుస తెరుచుకునే క్షణం స్క్రీన్‌కు ముందే తెలుసు. పెళ్లి హాల్లో ఆ తాడు లేదు కాబట్టి షటర్‌తోనే నెట్టుకురావాలి.

జనరేటర్ మీదకు వెళ్లాక

గ్రిడ్ మీద ఫ్రీక్వెన్సీ 50 దగ్గరే నిలకడగా ఉంటుంది. గ్రిడ్ నియమావళి నిర్దేశించిన పరిధి 49.90 నుంచి 50.05. హాలు జనరేటర్ అంత క్రమశిక్షణతో నడవదు. ఏసీలు ఆగితే ఇంజిన్ వేగం పెరిగి 51, 52కు చేరుతుంది, లోడు పడితే తగ్గుతుంది. 51 హెర్ట్జ్ అయితే లైటు 102 సార్లు ఊగుతుంది. 1/50లో రెండు ఊపుల పైన కొసరు మిగిలి, పలచని నీడ ఫ్రేము మీదుగా సెకనుకు రెండుసార్లు జారుతుంటుంది. కరెంటు ఉన్నంతసేపూ శుభ్రంగా వచ్చిన వీడియోలో ఉన్నట్టుండి ఈ నీడ మొదలైతే కెమెరాను అనుమానించక్కర్లేదు.

ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది షటర్‌ను అతి చిన్న మెట్లలో కదిపే ఏర్పాటు. సోనీలో దీన్ని వేరియబుల్ షటర్ అంటారు, కానన్‌లో హై ఫ్రీక్వెన్సీ యాంటీ ఫ్లికర్. 1/50, 1/60 మధ్య గెంతకుండా 1/50.5, 1/51 అంటూ జరుపుతూ స్క్రీన్ మీద నీడ నిలిచిపోయి చెదిరేదాకా వెళ్లవచ్చు. పార్ లైట్ల చారలకూ ఇదే మందు. ఒకటి గుర్తుంచుకోవాలి: కెమెరా వెనక స్క్రీన్‌లో కనిపించేదీ కార్డులో రికార్డయ్యేదీ ప్రతిసారీ ఒకటి కావు. పది సెకన్లు రికార్డు చేసి, జూమ్ చేసి చూసుకున్నాకే నమ్మాలి.

ఇదే మెనూలో కనిపించే మామూలు యాంటీ ఫ్లికర్ షూటింగ్ వేరు. కానన్ 2014లో 7డీ మార్క్ టూతో తెచ్చిన ఈ ఏర్పాటు లైటు ఊపును గమనించి, వెలుగు శిఖరానికి చేరిన క్షణంలో షటర్ తెరుస్తుంది. ఇప్పుడు ఇతర కంపెనీల బాడీల్లోనూ ఉంది. ఇది పసిగట్టేది 100, 120 ఊపులను మాత్రమే. ట్యూబ్ లైట్లకు, చవక సీలింగ్ ఎల్ఈడీలకు బాగా పనిచేస్తుంది. పార్ లైట్ల ముందు, ఎల్ఈడీ వాల్ ముందు పనిచేయదు. చాలా మోడళ్లలో ఎలక్ట్రానిక్ షటర్‌లో ఉంటే ఈ ఆప్షనే పనిచేయదు.

ముహూర్తానికి ముందు పావుగంట

డెకరేషన్, లైటింగ్ బిగించడం పూర్తయ్యాక కెమెరాను ఎలక్ట్రానిక్ షటర్‌లో 1/1000కు పెట్టి మండపం మీది ఒక్కో లైటును విడిగా తీయాలి. వెడల్పాటి చారలు పడితే 100 ఊపుల లైటు, సన్నగా దట్టంగా పడితే పీడబ్ల్యూఎం. అసలు పడకపోతే ఆ లైటును నమ్మవచ్చు, ముఖాల మీద ముఖ్య వెలుగు దాన్నుంచే వచ్చేలా చూసుకోవాలి. తర్వాత పెళ్లిలో వాడబోయే సెట్టింగులకు మార్చి, జంట కూర్చునే చోట ఒకరిని నిలబెట్టి తీయాలి. ముఖం చర్మాన్ని, వెనక స్క్రీన్‌ను జూమ్ చేసి చూడాలి.

చారలు ముఖం మీద కనిపిస్తే లైటింగ్ వాళ్లతో మాట్లాడే సమయం అదే. పార్ లైట్లను 30 శాతానికి దించకుండా నూరు శాతంలో ఉంచి దూరం జరపమనాలి, లేదా ముందు తెల్లని డిఫ్యూజన్ గుడ్డ కట్టమనాలి. పూర్తి వెలుగులో ఆర్పి వెలిగించే పని ఉండదు కాబట్టి చారలు మాయమవుతాయి. మంచి ఫిక్చర్లలో పీడబ్ల్యూఎం వేగం పెంచే మెనూ ఉంటుంది, ఉంటే వీలైనంత పైకి పెట్టించాలి. ముఖాల మీద తెల్లని లైట్లు, రంగుల పార్‌లు బ్యాక్‌డ్రాప్‌కే అన్న ఏర్పాటు అన్నిటికంటే క్షేమం. జీలకర్ర బెల్లం పెట్టే వేళ ఎవరూ లైటు ముట్టుకోనివ్వరు.

ఇద్దరు ముగ్గురు వీడియోగ్రాఫర్లు ఉండి, లైవ్‌లో మిక్సింగ్ నడుస్తుంటే అందరూ ఒకే ఫ్రేము రేటు, ఒకే షటర్ మీద ఉండాలి. డ్రోన్‌లోనూ యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్‌లో ఉందో లేదో చూడాలి.

తర్వాత సరిచేయడం ఎంతవరకు?

డావిన్చీ రిసాల్వ్ స్టూడియో వెర్షన్‌లో డీఫ్లికర్ ఎఫెక్ట్ ఉంది. పక్క ఫ్రేములను పోల్చి వెలుగు తేడాను సాపు చేస్తుంది. ట్రైపాడ్ మీది షాట్‌లో మెల్లగా జారే నీడకు బాగా పనిచేస్తుంది. గింబల్ మీద తిరుగుతూ తీసిన షాట్‌లో, మనుషులు కదిలేచోట అంచుల దగ్గర పొగలాంటి మచ్చలు మిగులుస్తుంది. ఫొటోలో ఒకటి రెండు వెడల్పాటి చారలైతే గ్రేడియంట్ మాస్కులతో వెలుగు పెంచి నెట్టుకురావచ్చు. చర్మం మీది రంగు చారలను అలా తీయలేం. తప్పనిసరి ఫొటో అయితే నలుపు తెలుపులోకి మార్చడమే ఆఖరి దారి. పెళ్లివారు రంగుల ఫొటోకే డబ్బిస్తారు కాబట్టి దాన్ని పరిష్కారంగా చెప్పుకోవడానికి లేదు.

కొనేటప్పుడు

పెళ్లిళ్లే ప్రధాన ఆదాయమైనవారు బాడీ ఎంచుకునేటప్పుడు మెగాపిక్సెళ్ల కంటే ముందు మూడు అడగాలి. మెకానికల్ షటర్ ఉందా? లేకపోతే సెన్సర్‌ను నాలుగైదు మిల్లీసెకన్లలో చదువుతుందా? షటర్‌ను చిన్న మెట్లలో కదిపే ఏర్పాటు ఉందా? మొదటి రెండిటికీ కాదనే జవాబు వస్తే ఆ బాడీ వీడియో యూనిట్‌కు బాగుండవచ్చు గానీ హాల్లో ఫొటోలకు వద్దు. 4కేలో 100 లేదా 120 ఫ్రేములు వస్తాయని ప్రకటించే బాడీల్లో ఆ మోడ్‌లో సెన్సర్‌లో ఎంత భాగం వాడుతుందో కూడా చూడాలి. క్రాప్ ఎక్కువైతే ఇరుకు మండపంలో వైడ్ లెన్స్ మరొకటి కొనాల్సి వస్తుంది.

పాత బాడీ మంచి స్థితిలో ఉంటే అదే డబ్బుతో రెండు ఫ్లాష్‌లు, ఒక ట్రిగ్గర్, ఫ్లికర్ లేని నిరంతర వెలుగునిచ్చే ఒక వీడియో లైటు కొనడం గీతల విషయంలో ఎక్కువ ఫలితమిస్తుంది. హాలు లైట్లు ఎలా ఊగినా ముఖం మీద ముఖ్యమైన వెలుగు ఫొటోగ్రాఫర్‌దే అవుతుంది. వీడియో లైటు కొనేముందు దుకాణంలోనే దాన్ని 10 శాతానికి దించి, ఫోన్ ప్రో మోడ్‌లో 1/2000 షటర్‌తో దగ్గరి నుంచి చూడాలి. నూరు శాతంలో నిలకడగా వెలిగి, తగ్గించగానే గీతలు వేసే లైట్లు పేరున్న పెట్టెల్లోనూ వస్తాయి.